పాత మారుతికి డైరెక్ట్ ఇంజెక్షన్ పెట్టొచ్చా?

ప్రశ్న: మా దగ్గర 1996 నాటి కార్బ్యురేటర్ మారుతి 800 ఉంది. చలికాలంలో చోక్ లాగినా ఓ పట్టాన స్టార్ట్ కాదు, సిగ్నల్ దగ్గర స్లోలో ఆగిపోతుంది. దీనికి కొత్త కార్లలోలా డైరెక్ట్ ఇంజెక్షన్ పెట్టించుకోవచ్చా? ఆర్డుయినో అనే చిన్న ఎలక్ట్రానిక్ బోర్డుతో ఈసీయూ (ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్) చేసుకోవచ్చంటున్నారు, నిజమేనా?
- ఓ పాఠకుడు, ఆదిలాబాద్

జవాబు: డైరెక్ట్ ఇంజెక్షన్ ఆలోచన మానుకోండి. అందులో ఇంజెక్టర్ మొన నేరుగా సిలిండర్ లోపలే ఉంటుంది. మీ ఇంజిన్ సిలిండర్ వ్యాసం 68.5 మిల్లీమీటర్లే. వాల్వులు, ప్లగ్గు, నీటి దారులు పోగా హెడ్‌లో కొత్త రంధ్రానికి చోటు మిగలదు. పెట్రోల్‌ను 100 బార్‌కు పైగా పీడనంతో తొక్కే పంపు కావాలి, దాన్ని తిప్పడానికి క్యామ్‌షాఫ్ట్ మీద అదనపు లోబ్ (ఉబ్బెత్తు భాగం) కావాలి. ఆ ఇంజెక్టర్లు తెరుచుకోవడానికి 65 వోల్టుల దాకా అడుగుతాయి, మామూలు ఈసీయూ అంత ఇవ్వలేదు. పైగా 6000 ఆర్‌పీఎం దగ్గర పిస్టన్ కిందికి దిగే సమయం 5 మిల్లీసెకన్లే. పెట్రోల్‌లో చాలా భాగం ఆలోపే పడిపోవాలి.

మీకు కావలసిన స్టార్టింగ్, నిలకడైన స్లో పోర్ట్ ఇంజెక్షన్‌తోనే వస్తాయి. ఇది మానిఫోల్డ్‌లో (ఇంజిన్‌లోకి గాలి వెళ్లే గొట్టంలో), వాల్వు వెనక పెట్రోల్ చల్లుతుంది, 3 బార్ చాలు. తర్వాత వచ్చిన ఎంపీఎఫ్‌ఐ (పోర్ట్ ఇంజెక్షన్) మారుతి 800 మానిఫోల్డ్ స్క్రాప్‌లో దొరికితే ముందు గ్యాస్కెట్ పెట్టి రంధ్రాలు కలుస్తున్నాయో చూడండి. 12 వాల్వుల హెడ్ బండిదైతే కూర్చోదు.

ఇంజెక్టర్ సైజులో చాలామంది తప్పు చేస్తారు. 37 హార్స్‌పవర్‌కు, ఒక్కో హార్స్‌పవర్‌కు 250 గ్రాముల చొప్పున లెక్కేస్తే గంటకు దాదాపు తొమ్మిదింబావు కిలోలు, అంటే నిమిషానికి 207 సీసీ. మూడు సిలిండర్లకు పంచి, ఇంజెక్టర్ 80 శాతం సమయమే తెరుచుకుంటుందనుకుంటే ఒక్కోటి 86 సీసీ. 100 సీసీది సరిపోతుంది. పెద్ద ఇంజన్ది 250 సీసీది పెడితే స్లోలో అతి తక్కువసేపు తెరవాల్సి వస్తుంది, అక్కడ కొలత నిలకడగా ఉండదు. మీ అసలు సమస్య మళ్లీ మొదటికే!

ఆర్డుయినో మాట నిజమే. స్పీడుయినో అనే ఓపెన్ సోర్స్ ఈసీయూ ఆర్డుయినో మెగా 2560 బోర్డు మీద నడుస్తుంది, ట్యూనర్‌స్టూడియో సాఫ్ట్‌వేర్‌తో ల్యాప్‌టాప్ నుంచి ట్యూన్ చేయాలి. దీనికి 12 ఓమ్‌లకు పైబడిన ఇంజెక్టర్లే తీసుకోండి. మానిఫోల్డ్ పీడనం, కూలెంట్ వేడి, గాలి వేడి, థ్రాటిల్ స్థానం చెప్పే నాలుగు సెన్సర్లు తప్పనిసరి. ఆర్‌పీఎం సంకేతం కోసం క్రాంక్ పుల్లీకి 36 పళ్లలో ఒకటి లేని చక్రం బిగిస్తే మేలు. కాయిల్ వైర్ నుంచి నేరుగా తీసుకోకండి. అక్కడ వందల వోల్టుల పోటు వస్తుంది, బోర్డు మాడిపోతుంది.

అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ పెట్రోల్ లైన్‌పై పెట్టండి. కార్బ్యురేటర్ కోసం వేసిన రబ్బరు పైపు 3 బార్‌కు పగలొచ్చు, పగిలితే వేడి ఇంజిన్ మీద పెట్రోల్ చిమ్ముతుంది. జే30ఆర్9 అని ముద్రించిన పైపు, ఇంజెక్షన్ క్లిప్పులే వాడండి. పంపును ట్యాంకు మట్టానికి కిందే బిగించాలి. ఈ పంపులకు నెట్టే బలం ఎక్కువ, పీల్చే బలం తక్కువ. పాత ట్యాంకులో పెట్రోల్ తగ్గితే మలుపులో పంపు గాలి లాగుతుంది, ఇంజిన్ దగ్గుతుంది. మధ్యలో ఎప్పుడూ పెట్రోల్ నిండి ఉండే లీటరు చిన్న ట్యాంకు (సర్జ్ ట్యాంకు) పెడితే ఆ బాధ ఉండదు. పెట్రోల్ పీడనాన్ని అదుపు చేసే రెగ్యులేటర్ నుంచి ట్యాంకుకు తిరుగు పైపు ఉండాలి. పాత మెకానికల్ పంపు తీసిన చోట ప్లేటు, గ్యాస్కెట్ వేయకపోతే ఆయిల్ కారుతుంది. పంపు రిలేను ఈసీయూ చేతికే ఇవ్వండి, ప్రమాదంలో ఇంజిన్ ఆగితే పంపూ ఆగాలి.

ట్యూనింగ్‌కు సైలెన్సర్ పైపులో వైడ్‌బ్యాండ్ ఆక్సిజన్ సెన్సర్ పెట్టించండి. ఒక పాలు పెట్రోల్‌కు 14.7 పాళ్ల గాలి అనే అంకె పట్టుకు కూర్చోకండి, అది ఇథనాల్ కలవని పెట్రోల్‌కు. 20 శాతం ఇథనాల్ కలిసిన ఈ20కి అది 13.5 ప్రాంతంలో ఉంటుంది. లాంబ్డా 1 (ఆ పెట్రోల్‌కు సరిగ్గా సరిపడా గాలి) చూసి సరిచేస్తే ఏ పెట్రోల్ పోసినా గందరగోళం ఉండదు.

కానీ ఇవన్నీ కొనేముందు కార్బ్యురేటర్ కిట్ మార్పించి, థ్రాటిల్ షాఫ్ట్ అరిగి గాలి లాగుతోందేమో చూపించండి. మీరు చెప్పిన రెండు లక్షణాలూ దాంతోనే పోవచ్చు. ఇంజెక్షన్‌కే వెళ్తే, మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ వాహనంలో మార్పుల గురించినదే కాబట్టి, పని మొదలుపెట్టకముందే ఆర్‌టీఓ కార్యాలయంలో అడిగి రాతపూర్వకంగా తీసుకోండి.