వైరస్ కాదు, హైబ్రిడ్ కాయల్లోంచి తీసిన గింజ!

ప్రశ్న: మాది గుంటూరు జిల్లా ప్రత్తిపాడు మండలం. నిరుడు హైబ్రిడ్ మిరప బాగా కాసింది. విత్తనం రేటు భరించలేక మంచి కాయలు ఏరి, వాటి గింజలతోనే నారు పోసి ఈసారి రెండెకరాలు నాటాను. ఒక మొక్క పొడుగు, ఒకటి పొట్టి. కొన్నిటికి కాయలు పైకి నిలబడుతున్నాయి. కొన్నిటికి పూత విరగబూసినా పిందె నిలవట్లేదు. వైరస్ అని మందుల కొట్టులో మూడు మందులు ఇచ్చారు. కొట్టినా మార్పు లేదు. ఏం చేయాలి?

జవాబు: ముందు ఆ మందులు ఆపండి. మీరు పంపిన ఫొటోల్లో వైరస్ గుర్తులైన ఆకు ముడత లేదు, మొజాయిక్ (పసుపు, ఆకుపచ్చ కలిసిన) మచ్చలు లేవు. ఇది తెగులు కాదు, విత్తనం గొడవ.

మిరప కణంలో గుణాలను మోసే పోగులు, అంటే క్రోమోజోములు, 12 జతలుంటాయి. జతలో ఒకటి తల్లిది, ఒకటి తండ్రిది. హైబ్రిడ్‌కు తల్లీతండ్రీ వేరు వేరైనా, దేనికది స్వచ్ఛమైన రకం కాబట్టి మొదటి తరం మొక్కలన్నీ ఒకేలా వస్తాయి. ఆ మొక్క పుప్పొడి, అండాలు తయారు చేసేటప్పుడు జతలు విడిపోతాయి. దేనిలోకి ఏది పోతుందో లెక్క లేదు, అందుకే రెండో తరం కలగాపులగం. మిరపలో కాయ కిందికి వేలాడే గుణం బలమైనది, పైకి నిలిచేది అణిగి ఉండేది. హైబ్రిడ్‌లో రెండూ ఉంటే వేలాడటమే కనిపిస్తుంది. దాని సంతానంలో సుమారు నాలుగో వంతుకు అణిగిన గుణం రెండు వైపుల నుంచీ వచ్చి బయటపడుతుంది. ఇంట్లో బైపీసీ చదివే పిల్లలుంటే మెండెల్ పాఠం చేలోనే చూపించండి.

పిందె నిలవని మొక్కల సంగతి వేరు. చాలా మిరప హైబ్రిడ్లను పుప్పొడి రాని తల్లి మొక్కలతో తయారు చేస్తారు. ఆ లోపం క్రోమోజోములుండే కేంద్రకంలో కాదు, కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాలో ఉంటుంది, తల్లి నుంచే వస్తుంది. తండ్రి ఇచ్చే ఒక జన్యువు దాన్ని సరిచేస్తుంది. మీ గింజల్లో కొన్నిటికి ఆ జన్యువు అందలేదని నా అనుమానం. పొద్దున విచ్చిన పువ్వు కోసి కేసరాలను నల్ల కాగితంపై రుద్దండి. పొడి రాలకపోతే అదే.

అలాంటి మొక్కకు పూత రాలకుండా కొట్టే హార్మోను మందు ప్లానోఫిక్స్ కొట్టినా పుప్పొడి పుట్టదు. వాతావరణం వల్ల పూత రాలితే 4.5 లీటర్ల నీటికి 1 మి.లీ. పనిచేస్తుంది, అది వేరే విషయం. ఈ మొక్కలకు పిందె పట్టాలంటే తేనెటీగలే పక్క మొక్కల పుప్పొడి తేవాలి. మీరేమో వాటిని మందులతో తరిమేస్తున్నారు! రసం పీల్చే పురుగులు నిజంగా కనిపిస్తేనే, అదీ సాయంత్రం 4 తర్వాతే, ఒక్క మందు కొట్టండి. మూడు మందులు అంటగట్టిన వ్యాపారికి మీ చేను కాదు, అతని స్టాకు ముఖ్యం. మొక్క చూడకుండా వైరస్ అని చెప్పే మనిషి మాట వినకండి.

ఈ చేలో కాసింది అమ్ముకోండి, ఒక్క గింజ కూడా విత్తనానికి దాచొద్దు. సొంత విత్తనమే కావాలంటే గుంటూరు దగ్గరి లాం ఫారం (వ్యవసాయ పరిశోధన స్థానం) రకాలు ఎల్‌సీఏ-334, ఎల్‌సీఏ-625 లాంటివి వేయండి. మిరపలో పరపరాగ సంపర్కం (పక్క మొక్కల పుప్పొడితో గింజ కట్టడం) ఎక్కువ కనుక విత్తనం కోసం ఎంచిన మొక్కలకు మొగ్గ దశలోనే సన్నని నైలాన్ వల కప్పండి. విత్తనంతో వచ్చే వైరస్ భయం ఉంటే అది తీర్చుకోవాల్సింది విత్తనశుద్ధి దగ్గర: కిలో గింజలను 150 గ్రాముల ట్రైసోడియం ఆర్థోఫాస్ఫేట్ కలిపిన లీటరు నీటిలో 20 నిమిషాలు నానబెట్టి, రెండు మూడుసార్లు కడిగి నీడలో ఆరబెట్టండి. తర్వాత పురుగు మందు ఇమిడాక్లోప్రిడ్ 8 గ్రాములు, ఆపైన శిలీంధ్రాల మందు మాంకోజెబ్ 3 గ్రాములు పట్టించి నారు పోయండి.