'నీ అంతు చూస్తా' అంటే కేసవుతుందా?

ప్రశ్న: మాది గుంటూరు బ్రాడీపేట. ఇంటి ముందు బండి పెట్టే విషయంలో పక్కింటాయనతో ఆర్నెల్లుగా గొడవ. మొన్న నలుగురి ముందు 'నీ అంతు చూస్తా' అన్నాడు. ఆ రాత్రే 'రోజూ పది దాటాక వస్తావుగా, ఇకనుంచి ఇంటికెలా చేరతావో చూస్తా' అని వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెట్టాడు. చంపుతానని మాత్రం ఎక్కడా అనలేదు. కేసు నిలుస్తుందా?

జవాబు: 'చంపుతా' అనలేదన్నది మీకు పెద్ద లోటులా కనిపిస్తున్నట్టుంది. ఆ మాటకు మన దగ్గర అంత బరువేం లేదు లెండి. అన్నం తినని పిల్లాణ్ణి తల్లి పూటకోసారి చంపేస్తానంటుంది.

భారతీయ న్యాయ సంహిత 351వ సెక్షన్ (2024 జులై 1కి ముందు ఐపీసీ 503, 506) చూసేది ఉద్దేశాన్ని. ఒంటికో, పరువుకో, ఆస్తికో హాని చేస్తానని భయపెట్టడానికే అంటే నేరం. రెండేళ్ల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. చంపుతాననో, తీవ్రంగా గాయపరుస్తాననో బెదిరిస్తే ఏడేళ్ల దాకా. ఆ ఉద్దేశం లేకుండా ఊరికే అన్న మాటలు చాలవని మాణిక్ తనేజా కేసులో సుప్రీంకోర్టు 2015లో చెప్పింది. 'కోర్టుకీడుస్తా' అనడం అసలు బెదిరింపే కాదు, అది ఆయన హక్కు.

అందుకే వీధిలో అన్న 'అంతు చూస్తా' ఒక్కటే అయితే, కోపంలో నోరు జారిందని వాళ్ల వకీలు తేల్చేస్తాడు. మీ బలమంతా ఆ వాయిస్ మెసేజే. గొడవ చల్లారాక, మీరు ఇంటికొచ్చే టైము గుర్తుపెట్టుకుని మరీ పెట్టాడు. దాన్ని నోరు జారడం అనలేరు.

ఫిర్యాదులో ఆయన అన్న మాటలు అన్నట్టే రాయండి. చాలామంది దాన్ని 'చంపుతానని బెదిరించాడు'గా మార్చేస్తారు, స్టేషన్లో రాసిపెట్టేవాళ్లూ అలాగే రాస్తారు. తర్వాత కోర్టులో వాళ్ల వకీలు మిమ్మల్ని ప్రశ్నించేటప్పుడు (క్రాస్‌లో) ఆడియో వినిపించి 'ఇందులో చంపుతానన్న మాట ఎక్కడుంది?' అని అడిగితే నీళ్లు నమలాలి. మెసేజ్ డిలీట్ చేయకండి, ఫోన్ మార్చకండి. కోర్టులో ఆ ఆడియోకు భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ సర్టిఫికెట్, అంటే అది ఏ ఫోన్లోంచి ఎలా తీశారో చెప్పే పత్రం, కావాలి.

స్టేషన్లో కేసు కట్టనంటే ఎస్పీకి పోస్టులో పంపండి, అక్కడా కదలకపోతే మేజిస్ట్రేటు కోర్టు. నన్నడిగితే, బండి గొడవకు ముందు బైండోవర్ అడగడమే మేలు. గొడవ పెట్టుకోనని ఏడాది దాకా ఆయన చేత బాండు రాయించుకోవచ్చు.

ఇంకొకటి, ఆ మెసేజ్‌కి 'రా, నేనూ చూస్తా' అని మీరు బదులు పెట్టలేదు కదా? పెట్టి ఉంటే ఫిర్యాదు ఇచ్చేముందే మీ లాయరుకు చెప్పండి.