ప్రైమరీ ఓట్లు లెక్కపెట్టుకో

అమ్మాయ్,

నువ్వు ప్రచారం చూస్తున్న మీ అమెరికా కాంగ్రెస్ సభ్యుడికి ఇన్నేళ్ల తర్వాత ప్రైమరీలో, అంటే పార్టీ అభ్యర్థిని తేల్చే ఎన్నికలో, సొంత పార్టీలోనే గట్టి పోటీ వచ్చిందని రాశావు. ముందు నవంబరు అసలు ఎన్నిక లెక్కలు మూసెయ్. 2018లో న్యూయార్క్ 14వ నియోజకవర్గంలో జో క్రౌలీ ఓడిన ప్రైమరీలో పోలైన ఓట్లు 30 వేల లోపే. జనాభా 7 లక్షల దాకా ఉంటుంది. పదిసార్లు గెలిచినవాడు, ఒక చర్చకు తనకు బదులు ఇంకొకరిని పంపాడు. అలాంటివి జనం మర్చిపోరు.

సర్వే చేతికొస్తే ఆధిక్యం తర్వాత చూడు, ఎవర్ని అడిగారో ముందు చూడు. 2014లో వర్జీనియాలో ప్రతినిధుల సభ రిపబ్లికన్ నేత ఎరిక్ కాంటర్‌కు ప్రైమరీలో సొంత సర్వే 34 పాయింట్ల ఆధిక్యం చూపిస్తే, ఆయన 11 పాయింట్ల తేడాతో ఓడాడు. ప్రైమరీకి ఎవరొస్తారన్న అంచనాలోనే సర్వే తప్పింది.

అందుకే ఓటరు జాబితా తీసి, గత నాలుగు ప్రైమరీల్లో కనీసం రెండుసార్లు ఓటేసినవాళ్లను విడదీయి. 50 వేలు పోలవుతాయనుకుంటే 25,001 చాలు, కానీ నువ్వు 28 వేల పేర్లు చేతిలో పెట్టుకో, మాటిచ్చినవాళ్లంతా రారు. తలుపు తట్టిన ప్రతి ఇంటికీ 1 నుంచి 5 దాకా అంకె వెయ్యి: 1 మనవాళ్లు, 5 అవతలివాళ్లు. మొహమాటానికి నవ్వి కరపత్రం తీసుకున్నవాళ్లకు 2 వేసేస్తారు కుర్రాళ్లు. వాళ్లు 3, ఎటూ తేలనివాళ్లు. జాబితా చెడేది అక్కడే. ఆఖరి వారం 4, 5 జోలికి పోకు, ఓటింగు రోజు గుర్తుచేసింది నువ్వే అవుతావు.

తెలుగు సంఘం విందులో 400 మంది చప్పట్లు కొడితే పొంగిపోకు. హెచ్1బీ మీదున్నవాళ్లు ఓటూ వేయలేరు, చందా కూడా ఇవ్వకూడదు. గ్రీన్‌కార్డు ఉంటే చందా ఇవ్వొచ్చు, ఓటు లేదు. మిగతావాళ్లలో మీ నియోజకవర్గంలో ఉండేదెందరు? న్యూయార్క్‌లాంటి చోట ఆ పార్టీ కింద నమోదై కూడా ఉండాలి, ఆ గడువు ముందే దాటిపోతుంది.

2025-26లో ఒక మనిషి ఒక అభ్యర్థికి ఇవ్వగల చందా ప్రైమరీకి 3,500 డాలర్ల దాకా, నవంబరుకు ఇంకో 3,500. ఈ రెండోది ప్రైమరీ ఖర్చుకు ముట్టుకోకూడదు. బ్యాంకు నిల్వ చూసి మురిసిపోయేవాళ్లకు ఈ సంగతి చెప్పు. ప్రభుత్వ ఆఫీసు ఫోను నుంచి ఒక్క ప్రచారపు కాల్ కూడా వెళ్లకూడదు.

పోస్టు ఓట్లు సంతకం కుదరకో, కవరు సరిగా నింపకో ఆగిపోతుంటాయి. చాలా రాష్ట్రాల్లో సరిదిద్దుకోవడానికి గడువిస్తారు. ఆ పేర్లు రోజూ తెప్పించుకుని, 1 వేసినవాళ్లకు ఆ సాయంత్రమే ఫోను చెయ్యి.