గోదావరికి నీలం రంగు ఎందుకు?

ప్రశ్న: రెండేళ్ళుగా వాటర్ కలర్స్ వేస్తున్నాను. 24 ట్యూబుల సెట్ ఉంది. గోదావరి గట్టు, కొబ్బరితోటలు ఎన్నిసార్లు వేసినా ఒక్కో రంగు ఒక్కో వైపు లాగుతున్నట్టు ఉంటుంది, లేదంటే అంతా బురదైపోతుంది. మూడే రంగులతో వేసి చూడమన్నారు ఒకరు. పచ్చరంగు ట్యూబే లేకుండా కోనసీమను ఎలా వేయాలి? తలుచుకుంటేనే టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు, అమలాపురం

జవాబు: మీకు ఆ సలహా ఇచ్చినవారు మంచి మాటే చెప్పారు, ధైర్యంగా మొదలుపెట్టండి. ముందు బురద సంగతి చూద్దాం. పెద్ద సెట్లలో ఉండే పచ్చలు, బ్రౌన్లు చాలావరకు అప్పటికే రెండు మూడు పిగ్మెంట్లు (రంగునిచ్చే పొడులు) కలిపి చేసినవే. ట్యూబు మీద సన్న అక్షరాల్లో పిగ్మెంట్ కోడ్లు ఉంటాయి, అల్ట్రామెరైన్ అనే నీలం అయితే పీబీ 29 అని ఒక్కటే ఉంటుంది, కొన్ని పచ్చల మీద మాత్రం రెండు మూడు కనిపిస్తాయి. అలాంటివి రెండు కలిపారంటే మీకు తెలియకుండానే కాగితం మీద ఐదారు పిగ్మెంట్లు చేరతాయి, అప్పుడు బురద కాక ఏమవుతుంది! దానికి తోడు, సగం ఆరిన చోట మళ్ళీ మళ్ళీ బ్రష్ పెట్టే అలవాటు కూడా ఉంటే మానుకోండి.

అల్ట్రామెరైన్, బర్న్ట్ సియెన్నా (ఎర్రటి మట్టిరంగు), లెమన్ ఎల్లో – ఈ మూడూ పక్కన పెట్టుకుని మిగతా 21 ట్యూబులు బీరువాలో పెట్టేయండి. తెలుపు కాగితమే ఇస్తుంది. నీలం, సియెన్నా చిక్కగా కలిపితే నలుపుకి దగ్గరగా వస్తుంది, నీళ్ళు ఎక్కువ పోస్తే వాన మబ్బు రంగు. నీలం కాస్త ఎక్కువైతే చల్లటి బూడిద, సియెన్నా ఎక్కువైతే వెచ్చటి బూడిద. పడవ కింద నీడ, తడిసిన ఇసుక, తాటి మొద్దు, ఇవన్నీ ఈ జంటలోనే దొరుకుతాయి.

ఇక పచ్చ. లెమన్ ఎల్లోలో నీలం చుక్క వేస్తే నారుమడి, నీలం పెంచుతూ పోతే ఎదిగిన వరిచేను, దానికే చిటికెడు సియెన్నా కలిపితే కొబ్బరాకు, పసుపు బాగా తగ్గించి నీళ్ళు పోస్తే దూరంగా కనపడే తోపు. ఇన్ని పచ్చల్లోనూ ఉన్నది మీరు ఆకాశానికి వాడిన నీలమే కదా, అందుకే చేనూ ఆకాశమూ ఒకే వెలుగులో ఉన్నట్టు కుదురుకుంటాయి. మీరన్న ఆ లాగుడు పోయేది ఇక్కడే.

నాకిది బాగా అర్థమైంది కోటిపల్లి రేవులో. ఆగస్టు నెల, గౌతమి నిండా ఎర్రనీళ్ళు. పసుపు ట్యూబు ఇంట్లో మరిచిపోయి వెళ్ళాను, సంచిలో ఉన్నవి నీలం, సియెన్నా రెండే. నీళ్ళన్నీ పల్చటి సియెన్నాతో వేసి, ముక్తేశ్వరం వైపు గట్టుని మామూలు బూడిదతో ఒక్క గీతలా లాగాను. కాసేపాగి చూస్తే ఆ గట్టు నీలంగా కనిపిస్తోంది! ఇంటికొచ్చాక ఎర్రనీళ్ళ మీద తెల్ల కాగితం అడ్డం పెట్టి చూశాను, మళ్ళీ ఉత్త బూడిదే. రంగుని దాని పక్కనున్న రంగే అలా మార్చేస్తుంది. నది అనగానే మన చెయ్యి నీలం వైపు వెళ్తుంది కానీ, వరద రోజుల్లో గోదావరి ఏ రంగులో ఉంటుందో మీకు నేను చెప్పాలా?

ఈ మూడింటితో రానివీ ఉన్నాయి. గులాబీ రంగు కాగితంపూలు రావు, మెరిసే ఊదా రాదు. బొమ్మకి అది ప్రాణమైతే నాలుగో ట్యూబు తీయండి, కానీ ఆ చోటికి మాత్రమే. మొదటి వారం మాత్రం ఒకే దృశ్యాన్ని పోస్టుకార్డు సైజులో మూడుసార్లు వేయండి, అందులో మొదటిది నీలం, సియెన్నాతోనే. వెలుగునీడలు అక్కడ కుదరకపోతే పసుపు వచ్చినా కుదరవు.

ప్రశ్న: ఆయిల్స్‌లో జోర్న్ ప్యాలెట్ గురించి విన్నాను. దానితో ల్యాండ్‌స్కేప్ అవుతుందా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: అవుతుంది, చోటుని బట్టి. స్వీడన్ చిత్రకారుడు ఆండర్స్ జోర్న్ (1860–1920) పేరు మీద పిలిచే ఈ నాలుగు – తెలుపు, ఎల్లో ఆకర్ (మట్టి పసుపు), వెర్మిలియన్ (ఎరుపు), ఐవరీ బ్లాక్ (నలుపు). 1896లో వేసుకున్న స్వీయచిత్రంలో ఆయన చేతిలోని ప్యాలెట్ మీద ఇవే కనిపిస్తాయి. అలాగని జీవితమంతా నాలుగే వాడలేదు. ఐవరీ బ్లాక్‌లో తెలుపు కలిపితే నీలం ఛాయ, ఆకర్ కలిపితే ఆలివ్ పచ్చ వస్తాయి. మీ ఊరి గ్రానైట్ గుట్టలకి, ఎండిన గడ్డికి, మే నెల దుమ్ము ఆకాశానికి ఇంతకంటే ఏం కావాలి! వెర్మిలియన్ బదులు కాడ్మియం రెడ్ లైట్ వాడుకోండి. వానలు పడి గుట్టల మధ్య పచ్చదనం వచ్చాక మాత్రం నలుపు తీసేసి అల్ట్రామెరైన్ పెట్టండి, నలుపుతో వచ్చే పచ్చ అప్పుడు వాడిపోయినట్టు ఉంటుంది.

ప్రశ్న: మనవాళ్ళ ల్యాండ్‌స్కేప్‌లు అసలువి ఎక్కడ చూడొచ్చు?
– ఒక విద్యార్థి, కాకినాడ

జవాబు: మీకు దగ్గరే, రాజమండ్రిలో చిత్రకారుడు దామెర్ల రామారావు పేరిట ఆర్ట్ గ్యాలరీ ఉంది. 1897లో పుట్టి 1925లోనే పోయారాయన. చిన్న నోట్‌బుక్ పట్టుకెళ్ళండి, ఒక్క బొమ్మ ముందు నిలబడి ఎన్ని రంగులతో అది పూర్తయి ఉంటుందో రాసుకోండి.