వృద్ధాశ్రమంలో ఉన్న క్యాన్సర్ రోగికి ఉపశమన చికిత్స.. డబ్బు ఎక్కడి నుంచి?

ప్రశ్న: మా అమ్మకు 74 ఏళ్లు. రొమ్ము క్యాన్సర్ ఎముకలకు పాకింది. ఇక కీమో వద్దన్నారు. హనుమకొండ దగ్గర ఒక ప్రైవేటు వృద్ధాశ్రమంలో ఉంటోంది. నొప్పితో రాత్రిళ్లు నిద్ర ఉండదు. నర్సును పెట్టాలంటే అదనంగా కట్టాలని, లేదంటే ఆసుపత్రికి తీసుకెళ్లమని నిర్వాహకులు అంటున్నారు. ఈ ఖర్చు ఆరోగ్యశ్రీలో వస్తుందా? - ఒక పాఠకురాలు

సలహా: ఆశ్రమంలో పెట్టుకునే నర్సు ఖర్చు రాదమ్మా. ఆరోగ్యశ్రీ అయినా, 70 ఏళ్లు దాటినవారికి 2024లో తెచ్చిన ఆయుష్మాన్ కార్డు అయినా ఆసుపత్రి చికిత్సకే. వృద్ధాశ్రమాలకు కేంద్రం గ్రాంట్లు ఇస్తుంది కానీ, అవి నిరుపేదల కోసం సంస్థలు నడిపేవాటికి. నెలనెలా ఫీజు కట్టించుకునే ఆశ్రమాలకు కాదు. ఐసీయూకు లక్షలు చెల్లించే పథకం, మంచాన పడ్డ మనిషిని పక్కకు తిప్పే ఆయాకు పైసా ఇవ్వకపోవడం నాకు ఎప్పటికీ మింగుడుపడదు.

అయితే నర్సు కంటే ముందు నొప్పి సంగతి చూడాలి. అమ్మకు తీవ్రమైన నొప్పిని తగ్గించే మార్ఫిన్ మాత్రలు ఇస్తున్నారా? ఖరీదైన మందేమీ కాదు. 2014లో మత్తుమందుల చట్టాన్ని సవరించాక గుర్తింపు పొందిన ఆసుపత్రులు దాన్ని ఇవ్వడం సులువైంది. నొప్పి వచ్చాక కాదు, గడియారం చూసి వేయాలి. ఈ మాత్రలతో మలబద్ధకం తప్పదు కాబట్టి విరేచనం మందు మొదటి రోజు నుంచే ఉండాలి. జిల్లా ప్రభుత్వ ఆసుపత్రిలో పాలియేటివ్ కేర్ (ఉపశమన చికిత్స) విభాగం గురించి అడగండి. అక్కడ మందులకు డబ్బు తీసుకోరు. ఇళ్లకు వెళ్లే 'ఆలన' బృందం ఆశ్రమానికి వస్తుందేమో కూడా కనుక్కోండి. హైదరాబాద్‌లో ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి ఎంఎన్‌జే ఉండనే ఉంది.

కార్డు అక్కరకొచ్చే చోటు ఒకటుంది. ఎముక నొప్పికి చాలామందిలో ఒక్క విడత రేడియేషన్ సరిపోతుంది. అది ఆసుపత్రిలో చేసేదే కాబట్టి కార్డు మీద చేస్తారా అని ఆసుపత్రిలో ఆరోగ్యశ్రీ సాయానికి ఉండే ఆరోగ్యమిత్రను అడగండి.

నొప్పి అదుపులోకి వస్తే రోజంతా నర్సు అక్కర్లేకపోవచ్చు. వేళకు మాత్ర వేసి, రెండు గంటలకోసారి పక్కకు తిప్పే ఆయా రాత్రిపూట ఉంటే చాలు. నిర్వాహకులను ఆ ఒక్క జీతం ఎంతో కాగితం మీద రాసివ్వమనండి. కాళ్లు హఠాత్తుగా పట్టు తప్పినా, మూత్రం ఆగిపోయినా మాత్రం వెన్నుపాము నొక్కుకుపోతోందేమోనని అనుమానించాలి. ఆ రోజు ఖర్చు చూడకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.