లాగిన్ కానివ్వని లాప్‌టాప్ గురించి చిన్నాకి

చిన్నా,

పొద్దున్నే నీ మెసేజ్ చూశాను. "పాస్‌వర్డ్ కరెక్టుగానే కొడుతున్నా అత్తా, అయినా లోపలికి రానివ్వట్లేదు. ఎల్లుండే ప్రాజెక్ట్ ఇవ్వాలి, టెన్షన్‌గా ఉంది, ఫార్మాట్ కొట్టించేయనా?" అని రాశావు. కొట్టించకు. ఈ ఉత్తరం ఆఖరుదాకా చదివేవరకూ ఆ లాప్‌టాప్‌ని ఎవరి చేతికీ ఇవ్వకు కూడా. లాగిన్ కాలేదంటే ఫైళ్లు పోయాయని కాదురా. అవి డ్రైవ్‌లో ఎక్కడివక్కడే ఉంటాయి. లాగిన్ ఆగిపోవడం వల్ల ఫైళ్లు పోయినవాళ్లని నేను పెద్దగా చూడలేదు. దాన్ని బాగు చేయబోయి పోగొట్టుకున్నవాళ్లని మాత్రం చాలామందిని చూశాను.

కంప్యూటర్ ల్యాబ్ చూసుకునే రోజుల్లో ఎవరు వచ్చి "లాగిన్ అవ్వట్లేదు మేడమ్" అన్నా నేను మొదట అడిగేది ఒకటే: స్క్రీన్ మీద ఏమని వచ్చింది? "ఏదో ఎర్రర్ అండీ" అనేవారు. ఆ "ఏదో" ఏమిటో తెలిస్తే సగం పని అయిపోయినట్టే. పాస్‌వర్డ్ తప్పు అనడం వేరు, పిన్ అందుబాటులో లేదు అనడం వేరు, ఎకౌంట్ లాక్ అయింది అనడం వేరు, యూజర్ ప్రొఫైల్ సర్వీస్ ఫెయిల్ అయింది అనడం ఇంకా వేరు. అన్నిటికీ ఒకే మందు పనిచేయదు. నువ్వేమో నాకు "రానివ్వట్లేదు" అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నావు. అందుకే తెలిసినవన్నీ రాస్తున్నాను. ముందు ఆ స్క్రీన్‌ని ఫోన్‌తో ఫొటో తీసిపెట్టుకో.

ఫొటో తీశాక వెంటనే మళ్లీ పాస్‌వర్డ్ కొట్టకు, కాసేపు ఆగు. ఈమధ్య విండోస్ 11 వేసి వస్తున్న సిస్టమ్‌లలో పది సార్లు తప్పు కొడితే ఎకౌంట్ పది నిమిషాలు లాక్ అవుతుంది. ఆ పది నిమిషాల్లో సరైన పాస్‌వర్డ్ కొట్టినా ఒప్పుకోదు. అదే మనిషిని గాభరా పెట్టేది. మర్చిపోయానేమో అనుకుని ఉన్నవీ లేనివీ అన్నీ కొట్టడం మొదలుపెడతాం. లాప్‌టాప్ అక్కడ వదిలేసి కాసేపు నడిచి రా, చాలు. పిన్ వరసగా తప్పితే ఎ1బి2సి3 అని టైప్ చేయమని అడుగుతుంది. ఒకసారి ఒక అమ్మాయి దాన్ని వైరస్ అనుకుని వణికిపోతూ నా దగ్గరికి వచ్చింది. కీలు పొరపాటున నొక్కుకుపోవడం లేదని తేల్చుకోవడానికే అది అలా అడుగుతుంది. అడిగింది టైప్ చేసి ముందుకు వెళ్లు.

ఇప్పుడు కీబోర్డ్ సంగతి. "ఇంత చిన్న విషయం నాకు తెలీదా అత్తా" అంటావని తెలుసు, అయినా రాస్తాను. క్యాప్స్ లాక్ అందరూ చూస్తారు. నమ్ లాక్ ఎవరూ చూడరు. విడిగా నంబర్ ప్యాడ్ లేని పాత చిన్న లాప్‌టాప్‌లు కొన్నిటిలో నమ్ లాక్ పడిందంటే అక్షరాల కీలలో కొన్ని అంకెలైపోతాయి. జె, కె, ఎల్ కొడితే 1, 2, 3 పడతాయి. యు, ఐ, ఓ కొడితే 4, 5, 6. స్క్రీన్ మీద కనిపించేది చుక్కలే కాబట్టి నీకు తెలియదు. ఒక అబ్బాయి మధ్యాహ్నందాకా ఇలాగే కొట్టి కొట్టి చివరికి కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. నేను ఒక్క కీ నొక్కాను, లోపలికి వెళ్లిపోయాడు. దాన్ని బట్టి నేను నేర్చుకున్నదేమిటంటే, పాస్‌వర్డ్ పెట్టె చివర కన్ను బొమ్మ ఉంటుంది చూడు, దాన్ని నొక్కి పట్టుకుని నువ్వు కొట్టిన అక్షరాలు కళ్లారా చూడాలి. కొట్టాననుకున్నది, నిజంగా పడినది ఒకటేనా అన్నది అప్పుడే తెలుస్తుంది.

నువ్వు తెలుగు టైపింగ్ కూడా పెట్టుకున్నావు కదా, కింద కుడి మూల భాష గుర్తు చూడు. అది ఇంగ్లిష్‌లో లేకపోతే మార్చు. ఇంగ్లిష్‌లోనే అమెరికా లేఅవుట్‌కీ బ్రిటన్ లేఅవుట్‌కీ తేడా ఉంది. పాస్‌వర్డ్‌లో ఎట్ గుర్తు ఉంటే అది కోట్స్ గుర్తుతో తారుమారు అవుతుంది. ఏదైనా కీ అసలు పడకపోతే, లేదా ఒకసారి నొక్కితే రెండు పడుతుంటే, అదే మూలలో యాక్సెసిబిలిటీ గుర్తు నొక్కి ఆన్-స్క్రీన్ కీబోర్డ్ తెరువు. మౌస్‌తో ఒక్కో అక్షరం నొక్కు. అలా తెరుచుకుంటే తప్పు కీబోర్డ్‌ది, నీ ఎకౌంట్‌కి ఏమీ కాలేదు.

అక్షరాలు సరిగ్గానే పడుతున్నా ఒప్పుకోకపోతే, నువ్వు కొడుతున్నది పిన్నా పాస్‌వర్డా అన్నది చూసుకో. చాలామంది ఈ రెండూ ఒకటే అనుకుంటారు. పిన్ ఆ ఒక్క లాప్‌టాప్‌కే చెందినది. పాస్‌వర్డ్ మైక్రోసాఫ్ట్ ఎకౌంట్‌ది, ఎక్కడ లాగిన్ అయినా అదే. పాస్‌వర్డ్ అడిగే చోట పిన్ కొట్టి, తప్పంటోంది అని బాధపడేవాళ్లు ఎందరో. పెట్టె కింద సైన్-ఇన్ ఆప్షన్స్ అని ఉంటుంది. అక్కడ తాళంచెవి బొమ్మ పాస్‌వర్డ్‌కి, అంకెల బొమ్మ పిన్‌కి. పిన్ పనిచేయకపోతే పాస్‌వర్డ్‌తో వెళ్లు. బయోస్, అంటే విండోస్ కంటే ముందు లాప్‌టాప్‌ని లేపే లోపలి ప్రోగ్రామ్, అప్‌డేట్ అయినప్పుడు, లేదా లోపలి సెక్యూరిటీ చిప్ రీసెట్ అయినప్పుడు పిన్ ఉన్నట్టుండి చెల్లకుండా పోతుంది. అందులో నీ తప్పేమీ లేదు. పాస్‌వర్డ్‌తో లోపలికి వెళ్లి పిన్ కొత్తగా పెట్టుకుంటే సరిపోతుంది.

ఇంకో మాట జ్ఞాపకం చేసుకో. ఈ వారంలో ఫోన్‌లో మైక్రోసాఫ్ట్ పాస్‌వర్డ్ ఏమైనా మార్చావా? మార్చి ఉంటే, నెట్ తగలనంతవరకూ ఆ సంగతి లాప్‌టాప్‌కి తెలియదు. అది పాతదాన్నే పట్టుకుని కూర్చుంటుంది. లాగిన్ స్క్రీన్ మీదే వైఫై గుర్తు ఉంటుంది, కనెక్ట్ చేసి కొత్తది కొట్టు. వైఫై కుదరకపోతే పాతది కొట్టి చూడు. పాస్‌వర్డ్ నిజంగానే మర్చిపోతే ఫోన్‌లోంచి మైక్రోసాఫ్ట్ ఎకౌంట్ పేజీకి వెళ్లి మార్చుకో. ఆ ఎకౌంట్‌కి ఇచ్చిన ఫోన్ నంబర్ గానీ మెయిల్ గానీ నీ చేతిలో ఉంటే కాసేపటి పని. ఆ రెండూ పాతవైపోయి మొత్తం కొత్తవి ఇవ్వాల్సివస్తే మాత్రం 30 రోజులు ఆగమంటుంది. నీది లోకల్ ఎకౌంట్, అంటే మైక్రోసాఫ్ట్‌తో కలపకుండా ఆ లాప్‌టాప్‌లోనే పెట్టుకున్నది, అయితే ఒకసారి తప్పు కొట్టాక రీసెట్ పాస్‌వర్డ్ అన్న మాట కనిపిస్తుంది. పెట్టుకునేటప్పుడు ఇచ్చిన మూడు ప్రశ్నల జవాబులు అడుగుతుంది.

ఇవన్నీ చూసినా కాకపోతే రీస్టార్ట్ చేయి. షట్‌డౌన్ కాదు, రీస్టార్టే. ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినా విండోస్ లోపలి భాగం కొంత దాచిపెట్టుకుని మళ్లీ అదే తెరుస్తుంది. పాత చిక్కు అలాగే ఉండిపోతుంది. రీస్టార్ట్ చేస్తేనే మొదటినుంచీ మొదలవుతుంది. అప్‌డేట్ సగంలో ఉన్నప్పుడు మాత్రం పవర్ బటన్ నొక్కి పట్టుకోకు, ఎంతసేపు పట్టినా ఆగు.

తర్వాతది సేఫ్ మోడ్, అంటే విండోస్‌ని తప్పనిసరైనవాటితో మాత్రమే తెరవడం. కానీ దాని జోలికి వెళ్లేముందు నీ బిట్‌లాకర్ (విండోస్ డ్రైవ్‌కి వేసే తాళం) రికవరీ కీ దగ్గర పెట్టుకో. ఇది మాత్రం శ్రద్ధగా చదువు. ఇప్పటి లాప్‌టాప్‌లలో చాలావాటికి మైక్రోసాఫ్ట్ ఎకౌంట్‌తో మొదటిసారి లాగిన్ కాగానే డ్రైవ్ దానంతటదే ఎన్‌క్రిప్ట్ అయిపోతుంది, అంటే కీ లేకుండా చదవలేని రూపంలోకి మారిపోతుంది. మనకి చెప్పినట్టు కూడా గుర్తుండదు. ఎప్పుడో ఒకరోజు నీలం స్క్రీన్ వచ్చి 48 అంకెల కీ అడుగుతుంది. ఆ కీ లేకపోతే ఆ డ్రైవ్‌లో ఉన్నది ఎవరూ తీయలేరు, తయారుచేసినవాళ్లు కూడా. మనకి బాగా తెలిసిన ఒకావిడ లాప్‌టాప్ ఇలాగే లాగిన్ ఆగిపోతే రిపేర్‌కి ఇచ్చింది. అక్కడ బయోస్‌లో సెక్యూరిటీ చిప్ క్లియర్ చేసేశారు. కీ ఎక్కడుందో ఆవిడకి తెలియదు, ఏ ఎకౌంట్‌తో మొదలుపెట్టిందో కూడా గుర్తులేదు. పిల్లల చిన్నప్పటి ఫొటోలన్నీ పోయాయి. ఆవిడ నా దగ్గరికి వచ్చేసరికి నేను చేయగలిగింది ఏమీ లేకపోయింది. ఆ రోజు నుంచీ ఎవరికి చెప్పినా ముందు ఈ కీ గురించే చెబుతున్నాను. ఫోన్‌లో నీ మైక్రోసాఫ్ట్ ఎకౌంట్‌లోకి వెళ్లి డివైసెస్ కింద చూడు, కీ అక్కడ ఉంటుంది. రెండు మూడు కీలు కనిపిస్తే, కీ ఐడీ మొదటి ఎనిమిది అక్షరాలు స్క్రీన్ మీద ఉన్నవాటితో సరిపోల్చుకో. కాగితం మీద రాసుకో.

కీ దొరికాక, లాగిన్ స్క్రీన్ మీద షిఫ్ట్ నొక్కి పట్టుకుని పవర్ గుర్తులోంచి రీస్టార్ట్ కొట్టు. నీలం మెనూలో ట్రబుల్‌షూట్, తర్వాత అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, స్టార్టప్ సెట్టింగ్స్, మళ్లీ రీస్టార్ట్. వచ్చిన వరసలో 5 నొక్కితే నెట్ ఉన్న సేఫ్ మోడ్. అందులో పిన్ పనిచేయకపోవచ్చు, పాస్‌వర్డ్ సిద్ధంగా ఉంచుకో. సేఫ్ మోడ్‌లో లాగిన్ అయి మామూలుగా కాకపోతే, ఈమధ్య వేసిన డ్రైవరో (లోపలి భాగాలని నడిపే ప్రోగ్రామ్) యాంటీవైరసో అడ్డుపడుతూ ఉండొచ్చు. దాన్ని తీసేయ్.

లాగిన్ అయి, డెస్క్‌టాప్ మొత్తం ఖాళీగా, కొత్త లాప్‌టాప్‌లా కనిపిస్తే గుండె ఆగినంత పనవుతుంది. అది తాత్కాలిక ప్రొఫైల్, నీ అసలు సెట్టింగులు తెరుచుకోక విండోస్ అప్పటికప్పుడు ఇచ్చే ఖాళీది. నీ అసలు ఫోల్డర్ సి డ్రైవ్‌లో యూజర్స్ కింద నీ పేరుతోనే ఉంటుంది. ఈ ఖాళీ డెస్క్‌టాప్ మీద ఏమీ సేవ్ చేయకు, లాగౌట్ కాగానే పోతుంది. నీ ఫోల్డర్ తెరిచి ప్రాజెక్ట్‌ని ముందు పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చెయ్. తర్వాత రెండు మూడుసార్లు రీస్టార్ట్ చేస్తే తరచూ దానంతటదే సర్దుకుంటుంది. రిజిస్ట్రీలో, అంటే విండోస్ తన సెట్టింగులు దాచుకునే చోట, ఏదో మార్చమని వీడియోల్లో చెబుతారు. ఒంటరిగా దాంట్లో చెయ్యి పెట్టకు, నాతో మాట్లాడుతూ చేద్దాం. అలా కాక స్క్రీన్ నల్లగా వచ్చి మౌస్ బాణం ఒక్కటే కదులుతుంటే కంట్రోల్, ఆల్ట్, డిలీట్ నొక్కి టాస్క్ మేనేజర్ తెరిచి, రన్ న్యూ టాస్క్‌లో ఎక్స్‌ప్లోరర్ అని ఇంగ్లిష్‌లో కొట్టు.

పాస్‌వర్డ్ పగలగొట్టే సాఫ్ట్‌వేర్ ఫ్రీగా ఇస్తామనే సైట్ల జోలికి పోకు. వెతికితే కస్టమర్ కేర్ అంటూ ఫోన్ నంబర్లు కనిపిస్తాయి, వాటికి చేయకు. ఎవరు అడిగినా ఓటీపీ చెప్పకు.

ఏదీ కాకపోతే ఆఖరున రీసెట్ దిస్ పీసీ ఉంది. అక్కడ కీప్ మై ఫైల్స్ అన్నదే ఎంచుకోవాలి. నీ ఫైళ్లు ఉంటాయి, వేసుకున్న సాఫ్ట్‌వేర్‌లు పోతాయి. కానీ నేను చూడకుండా అక్కడిదాకా వెళ్లకు. వెళ్లాల్సివస్తే ముందు లినక్స్ అనే ఇంకో సిస్టమ్ ఉన్న పెన్‌డ్రైవ్‌తో లాప్‌టాప్‌ని తెరిచి ఫైళ్లన్నీ బయటికి తీద్దాం. ఆ 48 అంకెలు అప్పుడూ కావాలి.

తెరుచుకున్న రోజే ఒక పని చెయ్. ఇంకో అడ్మిన్ ఎకౌంట్ ఒకటి పెట్టుకో. మళ్లీ ఎప్పుడైనా నీ ఎకౌంట్ మొరాయిస్తే దాంట్లోంచి లోపలికి వెళ్లొచ్చు.

ఇప్పుడు ఆ స్క్రీన్ ఫొటో, అందులో అక్షరాలు స్పష్టంగా కనిపించేలా, నాకు పంపు. రాత్రి పదకొండు దాకా మెలకువగానే ఉంటాను, ఫోన్ చెయ్.

మీ అత్త