టెక్ సందేహాలు: ఫారం ముందే నిండి ఉంటే రిటర్ను ఎందుకు?

ప్రశ్న: జీతం, బ్యాంకు వడ్డీ తప్ప నాకు వేరే ఆదాయం లేదు. జీతం మీది పన్నును సంస్థ ప్రతి నెలా కోసి జమ చేస్తోంది, వడ్డీ లెక్క బ్యాంకు నుంచి నేరుగా పన్నుశాఖకు చేరుతోంది. పోర్టల్ తెరిస్తే ఫారం దాదాపు నిండే ఉంటోంది. అన్నీ వాళ్లకు తెలిసినప్పుడు ఏటా రిటర్ను దాఖలు చేయడం ఇంకా అవసరమా? లాగిన్ వివరాలిస్తే అంతా తానే పూర్తి చేస్తానంటున్న ఒక యాప్‌ను వాడవచ్చా?

జవాబు: గడువు దగ్గరపడిన ప్రతిసారీ ఈ రెండు ప్రశ్నలూ జంటగానే వస్తాయి. మొదటిదానిలో న్యాయం ఉంది. రెండోదానికి జవాబు, వద్దు. కారణాలు కింద చెబుతాను.

కంప్యూటరులో ఇప్పటికే ఉన్న అంకెను మనిషి చేత మళ్లీ కొట్టించడం ఏ సాఫ్ట్‌వేర్‌లోనైనా లోపమే, పన్ను పోర్టల్ అయినంత మాత్రాన అది ఒప్పు కాబోదు. ఈ సంగతిని కొన్ని దేశాలు ఎప్పుడో గుర్తించాయి. బ్రిటన్‌లో 1944 నుంచి జీతాల మీద నడుస్తున్న పద్ధతిలో, ఏడాది మొదటి నుంచి అప్పటివరకు వచ్చిన మొత్తం ఆదాయాన్ని ప్రతిసారీ తిరిగి లెక్కగట్టి పన్ను కోస్తారు గనుక, ఏడాది ముగిసేసరికి తేడా పెద్దగా మిగలదు. ఉద్యోగుల్లో అత్యధికులు రిటర్ను జోలికే వెళ్లరు. జపాన్‌లో ఏడాది చివరి సర్దుబాటును యాజమాన్యాలే చేసేస్తాయి. న్యూజీలాండ్ 2019 మార్చి 31తో ముగిసిన పన్ను సంవత్సరం నుంచి జీతగాళ్లకు లెక్క తేల్చే పనిని తానే తీసుకుంది. స్వీడన్‌లో పన్నుశాఖ పంపిన ముసాయిదా సరిపోయిందనుకుంటే ఎస్సెమ్మెస్‌తోనే ఆమోదం తెలపవచ్చు.

అయినా ఈ వెసులుబాటు అన్నిచోట్లా ఎందుకు లేదంటే, అడ్డం సాఫ్ట్‌వేర్ కాదు, చట్టం. ఏడాది మధ్యలో ఉద్యోగం మారిన వ్యక్తికి పాత సంస్థ, కొత్త సంస్థ ఎవరికి వారే పన్ను లేని పరిమితిని వర్తింపజేస్తే, రెండు జీతాలూ కలిపి చూసినప్పుడు కోత తక్కువ పడుతుంది. ఒక ఆస్తిని ఎంతకు అమ్మారో పన్నుశాఖకు తెలుస్తుంది గానీ, ఏళ్ల కిందట ఎంతకు కొన్నారో, మరమ్మతులకు ఎంత పెట్టారో చాలా సందర్భాల్లో మీకే తెలుస్తుంది. మినహాయింపుల సంఖ్య పెరిగినకొద్దీ మీరు మాత్రమే చెప్పగలిగిన విషయాలూ పెరుగుతాయి. అందుచేత నా అభిప్రాయం ఇది: జీతగాడి చేత అంకెలు కొట్టించడం పోవాలి, ఆ అంకెలను అతడు సరిచూసే ఘట్టం మాత్రం పోకూడదు.

ఎందుకంటే ముందే నిండిన ఫారం తప్పులు లేని ఫారం కాదు. ఉమ్మడి ఖాతాలో మొదటి పేరు నాది కావడంతో, ఒక ఏడాది ఆ ఖాతా వడ్డీ మొత్తం నా ఆదాయంగానే ఫారంలో చేరింది. అందులో సగానికి పైగా రెండో ఖాతాదారు డబ్బు మీద వచ్చినది. ఆ పద్దు కనిపించాలంటే మూడు మడతలు విప్పి చూడాలి, ‘సరిచూశాను, సమర్పించు’ అన్న బటన్ మాత్రం తెర పట్టినంత పెద్దది. సరిచూడమని చట్టం చెబుతుంటే, చూడకుండా నొక్కమని డిజైన్ చెబుతోంది. భారతదేశంలో 2021 నవంబరులో వచ్చిన వార్షిక సమాచార నివేదికలో (మన ఆదాయం, లావాదేవీల గురించి పన్నుశాఖకు అందిన వివరాల జాబితా) పద్దులవారీగా ‘ఇది సరికాదు’ అని తెలియజేసే వీలుంది. నిండిన ఫారం ఎక్కడ ఇచ్చినా కనీసం ఆపాటి సదుపాయం ఉండాలి. పాస్‌వర్డు గడిలో పేస్ట్ చేయనివ్వని పోర్టళ్ల సంగతి వేరే చెప్పాలి. భద్రత పేరుతో, పాస్‌వర్డులను దాచిపెట్టి మన బదులు నింపే పాస్‌వర్డ్ మేనేజర్‌ను అడ్డుకుని, జనం చేత గుర్తుండిపోయే బలహీనమైన పదాలను పెట్టిస్తున్న ఘనత వాటిదే.

ఇక నన్ను అన్నిటికంటే ఎక్కువ భయపెట్టే విషయానికి వస్తాను. ఒకప్పుడు ఖాళీ ఫారంలో దొంగకు దొరికేదేమీ లేదు. ఇప్పుడు ఒక్క లాగిన్‌తో మీ జీతం, యజమాని, బ్యాంకు ఖాతాలు, పెట్టుబడులు, చిరునామా అన్నీ ఒకేచోట తెరుచుకుంటాయి. 2015లో అమెరికా పన్నుశాఖ వెబ్‌సైటులో పాత రిటర్నుల వివరాలు చూపే సేవలోకి, వేరేచోట్ల సేకరించిన వ్యక్తిగత సమాచారంతో గుర్తింపు ప్రశ్నలకు సరైన జవాబులిచ్చి మోసగాళ్లు ప్రవేశించారు. మొదట లక్షకు పైగా ఖాతాలన్నారు, మరుసటి ఏడాదికి ఆ లెక్క 7 లక్షలు దాటింది. అలా తెలుసుకున్న ఆదాయ వివరాలతో అసలు వ్యక్తికంటే ముందే అతని పేర రిటర్ను వేసి రిఫండు కాజేయడమే వారి పని. ఆ బెడదకు విరుగుడుగా రిటర్నుతోపాటు చూపడానికి అక్కడ ఇస్తున్న ఆరంకెల గుర్తింపు పిన్‌ను 2021 నుంచి కోరిన పన్నుదారులందరికీ అందుబాటులోకి తెచ్చారు. 2019లో బల్గేరియా పన్నుశాఖ నుంచి 50 లక్షల మందికి పైగా ప్రజల వివరాలు బయటపడ్డాయి. అప్పటికి ఆ దేశ జనాభాయే దాదాపు 70 లక్షలు. పన్నుశాఖకు అన్నీ తెలిసి ఉండటం వల్ల కలిగే సౌకర్యానికి ఇది మరో ముఖం.

ఇంత విలువైన తాళంచెవిని, అది కూడా పాస్‌వర్డు, ఓటీపీ, మెసేజులు చదివే అనుమతి, మెయిలు పెట్టె అన్నీ కలిపి అడిగే యాప్‌కు ఇవ్వడం నాకు అర్థం కాని ధైర్యం. రిటర్ను తయారుచేయడానికి మెసేజులన్నీ చదవాల్సిన పని ఏ యాప్‌కూ లేదు. పన్నుశాఖ అధికారికంగా అనుమతించిన పద్ధతిలో, పాస్‌వర్డు పంచుకోకుండా మీ తరఫున దాఖలు చేసే ప్రతినిధిని పెట్టుకోవడం వేరు, మీరుగా నటిస్తూ లోపలికి వెళ్లే సాఫ్ట్‌వేర్ వేరు. ఇదే సందేహం పంపిన మరికొందరు గుర్తింపు సంఖ్య, ఖాతా నంబరు స్పష్టంగా కనిపించే స్క్రీన్‌షాట్లను నాకే జతచేసి పంపారు. వాటిని తెరవగానే తొలగించాను, దయచేసి ఇకముందు పంపవద్దు.

మీ విషయానికొస్తే, రిటర్ను తప్పనిసరా కాదా అన్నది మీకు వర్తించే చట్టంలో ఆ ఏటి నియమాన్ని బట్టి ఉంటుంది. తప్పనిసరి కాకపోయినా, ఎక్కువగా కోసిన పన్ను వెనక్కి రావాలంటే చాలాచోట్ల దాఖలు చేయక తప్పదు. ఫారం నిండే ఉందంటున్నారు కాబట్టి మీరే చేసుకోండి: పోర్టల్ చిరునామాను మెసేజులో వచ్చిన లింకు నుంచి కాక స్వయంగా టైపు చేసి తెరవండి, ప్రతి పద్దునూ జీతం పత్రంతో, బ్యాంకు స్టేట్‌మెంటుతో పోల్చండి. ఆ యాప్‌కు ఇప్పటికే వివరాలిచ్చి ఉంటే ముందు పాస్‌వర్డు మార్చండి. దాంతో మెయిలుకు ఇచ్చిన అనుమతి కూడా పోయిందనుకోకుండా, దాన్ని మెయిలు సెట్టింగుల్లోకి వెళ్లి విడిగా రద్దు చేయండి. ఆ తరువాత పోర్టల్ ప్రొఫైల్‌లో నమోదైన మొబైల్ నంబరు, మెయిలు, రిఫండు ఖాతా మీవేనా అని ఒక్కొక్క అంకె చొప్పున చూసుకోండి. లోపలికి చొరబడినవాడు మొదట మార్చేది వాటినే.